సామాన్లు సర్దుకున్నాక వచ్చిన పిలుపు

నంద్యాలలో బ్యాంకు కోచింగ్ తీసుకుంటున్నారా? ఆళ్లగడ్డ నుంచి బస్సులో వచ్చిపోతున్నారా? అయితే ఈ కథలో సగం మీ ఊరిదే. డిగ్రీ అయి రెండేళ్లయింది, ఇంకా ఉద్యోగం రాలేదు, మన టైమ్ అయిపోయిందేమో అని దిగులుపడుతుంటే మాత్రం కచ్చితంగా చదవండి.

రిటైరైన కోచ్‌ను ఫుట్‌బాల్ టీమ్ మళ్లీ పిలిచిందనుకోండి. అభిమానులు రెండు వర్గాలైపోతారు. అనుభవం ఉంది, గట్టెక్కిస్తాడని కొందరంటారు. ఆట మారిపోయింది, ఈ వయసులో ఆయనకేం అర్థమవుతుందని ఇంకొందరంటారు. 1991లో ఢిల్లీలో దాదాపు ఇలాంటి చర్చే పీవీ నరసింహారావు మీద జరిగింది. అప్పటికి ఆయనకు 70 ఏళ్లు నిండబోతున్నాయి. ఏడాది ముందే గుండెకు బైపాస్ ఆపరేషన్ అయింది. ఆ ఏడాది లోక్‌సభ ఎన్నికల్లో ఆయన పోటీయే చేయలేదు. హైదరాబాద్ వచ్చేద్దామని పుస్తకాలు, సామాన్లు సర్దుకున్నారు కూడా.

అసలు ఆయన కెరీర్ గ్రాఫ్ ఒకసారి చూడండి. ఎక్కడా తిన్నగా ఉండదు. 1921 జూన్ 28న వరంగల్ జిల్లా లక్నేపల్లిలో పుట్టారు, వంగరకు దత్తత వెళ్లారు. వందేమాతరం ఉద్యమంలో పాల్గొన్నందుకు నిజాం రాజ్యంలో చదువుకు దారి మూసుకుపోయింది. మహారాష్ట్ర వైపు వెళ్లి చదువుకున్నారు, నాగపూర్‌లో లా చేశారు. 1957 నుంచి మంథని ఎమ్మెల్యే. 1971లో ముఖ్యమంత్రి అయ్యారు, భూసంస్కరణలు తలపెట్టారు. జై ఆంధ్ర ఉద్యమ సమయంలో, 1973 జనవరిలో ఆ పదవి పోయింది. తర్వాత కేంద్రంలో విదేశాంగం, హోం, రక్షణ, మానవ వనరుల శాఖలు చూశారు. 1984లో హన్మకొండలో ఓడిపోయారు. అదే ఎన్నికల్లో మహారాష్ట్రలోని రాంటెక్ నుంచి గెలిచి లోక్‌సభకు వెళ్లారు.

పదవి ఉన్నా, లేకపోయినా ఆయన ఆపని పని ఒకటే, నేర్చుకోవడం. విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు' నవలను హిందీలోకి అనువదించారు. స్పానిష్ సహా ఎన్నో భాషలు నేర్చుకున్నారు. మన ఇంజినీరింగ్ వాళ్లకు నచ్చే ముచ్చట ఇంకోటుంది. 1980ల్లో, అరవై దాటాక, ఇంటికి కంప్యూటర్ తెప్పించుకుని టైపింగ్‌తో ఆగకుండా కోబాల్, బేసిక్‌లలో ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నారు. ఆయన్ని ఆ పని ఎవరూ చేయమనలేదు. దాంతో ఏ ప్రమోషనూ రాదు.

ఇక్కడ నిజం ఒకటి ఒప్పుకోవాలి. పీవీకి అవకాశం కష్టపడినందుకు రాలేదు. 1991 మే 21న రాజీవ్ గాంధీ హత్య జరగకపోతే ఆయన బహుశా హైదరాబాద్‌లో పుస్తకాలు రాసుకుంటూ ఉండేవారు. అవకాశం ఎప్పుడొస్తుందో మన చేతిలో లేదు. వచ్చిన రోజున మనం ఎలా ఉన్నామన్నదే మన చేతిలో ఉంటుంది.

జూన్ 21న ప్రధానిగా ప్రమాణం చేసేసరికి ఖజానాలో విదేశీ మారకం రెండు, మూడు వారాల దిగుమతులకు సరిపడా మాత్రమే ఉంది. సభలో సొంత మెజారిటీ లేదు. ఆయన ముందు చేసిన పని తనకు తెలియని విషయం తెలిసిన మనిషిని తెచ్చుకోవడం. ఎన్నికల్లో నిలబడని ఆర్థికవేత్త మన్మోహన్ సింగ్‌కు ఆర్థిక శాఖ ఇచ్చారు. పరిశ్రమల శాఖ మాత్రం తన దగ్గరే ఉంచుకున్నారు. జూలై 24న కొత్త పారిశ్రామిక విధానం, బడ్జెట్ ఒకేరోజు వచ్చాయి. చాలా పరిశ్రమలకు లైసెన్సుల బాధ తప్పింది. మీరు రెజ్యూమె పంపుతున్న ప్రైవేటు బ్యాంకులు, విదేశీ కంపెనీల్లో చాలావాటికి తలుపు తెరుచుకుంది ఆ తర్వాతే.

ఇంతకీ నంద్యాల ఎక్కడొచ్చిందంటారా? ప్రధాని అయిన రోజున పీవీ ఎంపీ కాదు. రాజ్యాంగం ప్రకారం ఆరు నెలల్లో పార్లమెంటు సభ్యుడు కావాలి. అప్పుడు నంద్యాల ఎంపీ, ఆళ్లగడ్డకు చెందిన గంగుల ప్రతాపరెడ్డి తన సీటుకు రాజీనామా చేశారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ తెలుగుదేశం అభ్యర్థిని నిలబెట్టలేదు. బీజేపీ నుంచి బంగారు లక్ష్మణ్ పోటీ చేశారు. నవంబర్‌లో జరిగిన ఆ ఉప ఎన్నికలో పీవీ మెజారిటీ 5.8 లక్షలు. గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కింది. అంత పెద్ద అంకె ఒక్క మనిషిది కాదని గమనించండి. ఒకరు సీటిచ్చారు, ఇంకొకరు పక్కకు తప్పుకున్నారు, జనం కదిలి ఓటేశారు.

కథ అక్కడితో సుఖాంతం కాలేదు. 1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూలింది. దాన్ని ఆపలేకపోయారన్న మచ్చ ఆయన్ని వదల్లేదు. 1996లో నంద్యాలలో మళ్లీ నిలబడితే మెజారిటీ లక్షలోపుకు పడిపోయింది. ప్రత్యర్థి ఆళ్లగడ్డ నేత భూమా నాగిరెడ్డి. ఒడిశాలోని బరంపురంలోనూ గెలిచిన పీవీ ఆ సీటు ఉంచుకుని నంద్యాల వదిలేశారు. ఉప ఎన్నికలో నాగిరెడ్డి గెలిచారు. ఆళ్లగడ్డ మనిషి ఇచ్చిన సీటు, ఆళ్లగడ్డ మనిషికే తిరిగి వెళ్లింది.

పార్టీ ఓడింది, పదవి పోయింది, కోర్టు కేసులు చుట్టుముట్టాయి. 2000లో ఒక కేసులో శిక్ష పడితే 2002లో హైకోర్టు కొట్టేసింది. ఆ మధ్యలో కూడా ఆయన రాస్తూనే ఉన్నారు. 1998లో 'ది ఇన్‌సైడర్' నవల వచ్చింది. 2004 డిసెంబర్ 23న కన్నుమూశారు. భారతరత్న 2024లో వచ్చింది.

కాబట్టి రెజ్యూమెలో గ్యాప్ ఉందని కంగారుపడకండి. ఇంటర్వ్యూలో దాని గురించి అడుగుతారు, తప్పదు. ఆ ఖాళీ నెలల్లో ఏం నేర్చుకున్నారో చెప్పడానికి ఒక్కటైనా ఉండేలా చూసుకోండి. ఈ నెలే మొదలెట్టండి. అరవై దాటాక కోబాల్ మొదలుపెట్టిన మనిషికి ఓటేసిన ఊరు మీది.