లిండ్లీ మర్రే: ఒక బడి కోసం వ్యాకరణం రాసిన లాయరు

మన బడిలో ఇంగ్లీషు చదివినవాళ్లందరికీ భాషాభాగాలు ఎనిమిదని కంఠతా వచ్చు. లిండ్లీ మర్రే లెక్కలో అవి తొమ్మిది. ఆర్టికల్‌ను ఆయన విడిగా లెక్కపెట్టారు. వృత్తికి ఇంజనీరునే అయినా పాత పాఠ్యపుస్తకాలంటే నాకు సరదా. అలా పరిచయమైన ఈయన గురించి మిత్రులకూ, మాస్టార్లకూ చెప్పాలనిపించింది.

మర్రే 1745లో పెన్సిల్వేనియాలో క్వేకర్ క్రైస్తవ కుటుంబంలో పుట్టారు. తండ్రి తర్వాత న్యూయార్క్‌లో పెద్ద వర్తకుడయ్యారు. ఆ తండ్రి క్రమశిక్షణ భరించలేక ఒకసారి ఇల్లు వదిలి పారిపోయి, బర్లింగ్టన్‌లో ఒక హాస్టల్ బడిలో చేరారు. ఇంట్లోంచి పారిపోయిన పిల్లవాడు బడికి చేరడం మన బ్యాచ్‌లో ఎవరూ ఎరగరు! పెద్దయ్యాక లాయరయ్యారు, వ్యాపారంలో బాగా సంపాదించారు. ఆరోగ్యం దెబ్బతినడంతో 1784లో భార్య హన్నాతో ఇంగ్లండు వెళ్లి, యార్క్ పక్కన హోల్గేట్‌లో స్థిరపడ్డారు. కండరాల బలహీనత పెరిగి, క్రమంగా నడక పోయింది.

యార్క్‌లో క్వేకర్ల ఆడపిల్లల బడి ఒకటి ఉండేది. అక్కడి పంతులమ్మలకు ఆయన తన ఇంట్లోనే వ్యాకరణం చెప్పేవారు. పిల్లలకు పుస్తకం రాసివ్వమని వాళ్లు అడిగితే 1795లో వచ్చిందే ఆయన ఇంగ్లీషు గ్రామర్. సూత్రాలు చాలావరకు బిషప్ లౌత్ వంటి పూర్వుల నుంచి తీసుకున్నవే, ఆ సంగతి ఆయన దాచలేదు. ప్రత్యేకత ఉదాహరణల్లో ఉంది. నామవాచకమో, క్రియో గుర్తించమని ఇచ్చే వాక్యాల్లో సత్యం, దయ, కృతజ్ఞత, దైవభక్తి కనిపిస్తాయి. పసి మనసును పాడుచేసే వాక్యం ఒక్కటీ రాకూడదని ఏరికోరి పెట్టారు. పిల్లలు ఒక్కో మాటనూ విడదీసి, అదే భాగమో, ఏ వచనమో చెప్పాలి. మిషను విప్పి పార్టులు వరసగా పేర్చినట్టు.

క్రియను గుర్తుపట్టడానికి భక్తి అక్కర్లేదు, నిజమే. అన్నీ నీతివాక్యాలే అయితే పాఠం చప్పబడుతుంది కూడా. పిల్లలకు కాస్త నవ్వు కావాలి. అయినా పదిసార్లు తిరగరాసిన వాక్యం లోపల ఉండిపోతుందని ఆయన పట్టుకున్నారు. ఆ విషయంలో నేను మర్రే పక్షమే.

పుస్తకం బ్రిటన్‌లోనూ, అమెరికాలోనూ లక్షల్లో అమ్ముడైంది. తన పుస్తకాల మీద వచ్చిన సొమ్ము దానధర్మాలకు ఇచ్చేశారు. చివరి ఏళ్లు ఇల్లు కదలకుండానే గడిపి, 1826 ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఆయన తోటలోని చిన్న వేసవి మంటపం ఇప్పుడు యార్క్‌లోని క్వేకర్ల మౌంట్ స్కూల్ ఆవరణలో ఉంది.