శ్రీ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు - నిత్యనియమ మహిమ

1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచెను. చార్మినారు వైపునగల పాతనగరపు ఒడ్డును, ఆవలి అఫ్జల్‌గంజు ఒడ్డును ఏకజలమయ మయ్యెను. వేలకొలది గృహములు నేలమట్టమయ్యెను. సుమారు 15,000 మంది అసువులు బాసిరని లెక్క. ఇట్టి విపత్తు మరల రాకుండ ఉపాయము చెప్పుటకై ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వమువారు 1909లో పిలిపించిన మహనీయుడు శ్రీ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు.

వీరి పూర్వులు గిద్దలూరు ప్రాంతమందలి మోక్షగుండము నుండి మైసూరు సీమకు తరలిపోయిన తెలుగువారు. జన్మస్థలము చిక్కబళ్ళాపురము చెంతనున్న ముద్దేనహళ్ళి. చిన్నతనముననే తండ్రి గతించెను. బెంగుళూరులో పిల్లలకు పాఠములు చెప్పి, ఆ ఆదాయముతో చదువు సాగించి 1881లో బి.ఏ. పట్టము పొందిరి. పిమ్మట పూనాలో ఇంజనీరింగు విద్య నభ్యసించి, ప్రథమ స్థానమున ఉత్తీర్ణులై 1884లో బొంబాయి ప్రభుత్వ కొలువున ప్రవేశించిరి.

హైదరాబాదునకు వచ్చిన విశ్వేశ్వరయ్యగారు నదిని మాత్రమే చూచి ఊరకుండలేదు. వర్షపాతపు లెక్కలను సేకరించిరి. నదికి నీరు చేరు ప్రదేశము నంతటిని పరిశీలించిరి. సుమారు 860 చదరపు మైళ్ళ ఆ ప్రదేశమున 788 చెరువు లుండెను. వానిలో 221 చెరువులకు గండ్లు పడినవని తేలెను. చెరువు క్రింద సేద్యము చేయు పల్లెవాసులకు దీని భావము విప్పిచెప్ప నక్కరలేదు. పైచెరువు తెగిన నీరు క్రిందిచెరువుపై బడును. అదియు తెగి మరియొకదానిపై బడును. ఒక్కొక్క చిన్నగండియు తోడై తుదకు మహానగరము మునిగెను.

వారు సూచించిన ఉపాయమును అంత సూటిగనే యుండెను. నీరు నగరమును చేరకమునుపే ఎగువ నాపి, కొంచెము కొంచెముగ విడువవలెను. ఆ సలహా ననుసరించి మూసీపై ఉస్మాన్‌సాగరము 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియయ్యెను. ముంచిన నీరే నగరమునకు త్రాగునీ రయ్యెను. నగరమున మురుగునీటి కాలువల యేర్పాటునకును వారు మార్గము చూపిరి.

ఇంతటి కార్యములు చేసిన పురుషుని దినచర్యలో అద్భుత మేమియు కానరాదు. వేళకు లేచుట, వేళకు మితముగ భుజించుట, నడచుట, శుభ్రమైన దుస్తులు ధరించుట, చెప్పిన గడియకు చెప్పిన చోట నుండుట, మాటలాడవలసిన దానిని ముందుగ వ్రాసి దిద్దుకొనుట - ఇంతియే. వీనిలో ధనము కావలసిన దొకటియైన లేదు. పండితులకు మాత్రమే సాధ్యమైనదియు లేదు. ఒక దినము చేసినవారు పెక్కుమంది గలరు. జీవితాంతము చేసినవారు అరుదు. విశ్వేశ్వరయ్యగారి గొప్పతన మందే కలదు.

1912లో మైసూరు దివాను పదవి లభించినను ఈ నియమములు సడలలేదు. పదవి విడిచిన పిదపను సడలలేదు. తొంబదియేండ్లు దాటిన వయస్సున గంగానదిపై మొకామా యొద్ద వంతెన కట్టదగిన స్థలమును పరిశీలించుటకై బీహారునకు ప్రయాణమై పోయిరి. ఆ వయస్సున అట్టి బలము ఒక్కనాట వచ్చినది కాదు, దినదినము కూడబెట్టినది. 1955లో భారతరత్న బిరుదము నందుకొని, నూరేండ్లు నిండిన పిమ్మట 1962 ఏప్రిలులో దివంగతులైరి.

గ్రంథాలయమునకు వచ్చు యువకులు ఈ చరిత్రనుండి గ్రహింపదగినది యొకటి కలదు. ఒక్కరాత్రిలో పండితుడు కాగోరువాడు తొలకరి ఉత్సాహముతో పది పుస్తకములు తీసికొనిపోయి, పదునైదు దినములకు అన్నియు చదువకయే తిరిగి యిచ్చును. దినమునకు నాలుగు పుటలు చదివి, తెలిసినదానిని రెండు పంక్తులలో వ్రాసికొనువాడు ఏడాది తిరుగునప్పటికి 1,460 పుటలు చదివినవాడగును. ఒకనాడు నియమము తప్పినచో నిరాశ చెంద బనిలేదు. చెరువుకట్టకు చిల్లిపడిన నాడే బుట్టెడు మట్టివేసిన చాలును. ఉపేక్షించినచో ఊరంతయు కదలివచ్చినను ఆగదు. మనుష్యుని నడవడియు నట్టిదే.