అంధులకు అక్షరదాత: లూయీ బ్రెయిలీ

ఫ్రాన్సు దేశమందలి కూవ్రే గ్రామమున 1809లో, జీనులు కుట్టువాని యింట లూయీ బ్రెయిలీ జన్మించెను. మూడవయేట తండ్రి తోలుపని ఆరె కంట గ్రుచ్చుకొనగా, క్రమముగ రెండుకన్నులును పోయెను.

1819లో పారిసునందలి అంధబాలుర పాఠశాలలో చేరెను. అచ్చటి ఉబ్బెత్తు అక్షరములు చదువుటకు దుష్కరములు, వ్రాసికొనుటకు వీలులేనివి. బార్బియే యను సేనాధికారి కల్పించిన పండ్రెండు చుక్కల లిపిని ఆఱింటికి కుదించి, 1824లో, పదునైదేండ్ల ప్రాయముననే, ఒక్క స్పర్శతో వ్రేలికొనకు అందు లిపిని నిర్మించెను. అచ్చటనే ఉపాధ్యాయుడై 1852లో గతించెను. ఆ పాఠశాల ఆ లిపిని అధికారికముగ నంగీకరించుట 1854లో!

1951లో భారతీయ బ్రెయిలీ యేర్పడగా మన తెలుగక్షరములును ఆ యాఱు చుక్కలలో నిమిడెను. కంప్యూటరు తెరమీది మాటలను చుక్కలుగ లేపి వ్రేళ్లకందించు యంత్రములు నేడు కలవు. ఆ మహనీయునికి గౌరవము మరణానంతరము దక్కెను. మన కులమందలి అంధబాలురకు విద్య అట్లు ఆలస్యము కారాదని పోషకమహాశయులకు మేము విన్నవించుచున్నాము.