రిత్విక్ ఘటక్: 18 ఎంఎం లెన్సుతో విభజన గాయాన్ని చూపిన దర్శకుడు

పద్మా నది ఒడ్డున పాత రైలు పట్టాలు. ఒకప్పుడు ఆ దారిలోనే జనం తూర్పు బెంగాల్‌కు వెళ్లేవారు. ఇప్పుడు అవతలి ఒడ్డు వేరే దేశం. పట్టాల మీదుగా కెమెరా ముందుకు దూసుకెళ్తుంది. చివర అడ్డంగా కట్టిన దిమ్మె దగ్గర తెర ఒక్కసారిగా నల్లబడిపోతుంది. 1961లో వచ్చిన 'కోమల్ గాంధార్' సినిమాలోని ఈ షాట్ నిడివి కొన్ని క్షణాలే. కానీ దేశ విభజన గురించి భారతీయ సినిమా చెప్పిన అతి బలమైన మాటల్లో అది ఒకటి. అందులో మాటలే లేవు.

ఆ సినిమా తీసిన రిత్విక్ ఘటక్ చనిపోయి ఐదు దశాబ్దాలు. ఆయన పూర్తిచేసిన కథాచిత్రాలు ఎనిమిది మాత్రమే. వాటిలో ఆయన మళ్లీ మళ్లీ ఆశ్రయించిన సాధనం ఒకటుంది: 18 ఎంఎం వైడ్ యాంగిల్ లెన్సు. చాలామంది దర్శకులు విశాలమైన మైదానాన్నో, ఇరుకు గదినో చూపించడానికి మాత్రమే అలాంటి లెన్సు బిగిస్తారు. ఘటక్ దాన్ని మనుషుల ముఖాల దగ్గరికి తీసుకెళ్లారు.

ఢాకాలో పుట్టి, కలకత్తాలో పరాయివాడై

ఘటక్ 1925 నవంబర్ 4న ఢాకాలో పుట్టారు. తండ్రి సురేశ్‌చంద్ర జిల్లా మెజిస్ట్రేట్. అన్న మనీశ్ ఘటక్ కవి, రచయిత. ఆ మనీశ్ కూతురే మహాశ్వేతాదేవి. రిత్విక్‌తో పాటు పుట్టిన కవల సోదరి ప్రతీతి. బాల్యం పద్మా నదీ తీరాల్లో, రాజ్‌షాహీ ప్రాంతంలో గడిచింది.

1943 నాటి బెంగాల్ కరవు, 1947 విభజన ఆయన యవ్వనాన్ని రెండు ముక్కలు చేశాయి. పుట్టిన ఊరు పరాయి దేశంలోకి వెళ్లిపోయింది. కలకత్తా చుట్టూ శరణార్థుల కాలనీలు వెలిశాయి. ఘటక్ భారత ప్రజా నాటక సంఘం 'ఇప్టా'లో చేరి నాటకాలు రాశారు, ఆడారు. మన దగ్గర ప్రజానాట్యమండలిగా పనిచేసిన ఉద్యమానికి అది జాతీయ వేదిక. అక్కడి అంతర్గత విభేదాలు చివరికి ఆయన్ను 1955లో కమ్యూనిస్టు పార్టీకి దూరం చేశాయి.

నాటకం కన్నా సినిమా ఎక్కువమందికి చేరుతుందని ఆయన నమ్మారు. 1952లో తొలి చిత్రం 'నాగరిక్' పూర్తిచేశారు. అప్పటికి సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలి' ఇంకా రాలేదు. కానీ 'నాగరిక్' ఘటక్ బతికుండగా విడుదలకే నోచుకోలేదు. కొంతకాలం బొంబాయిలో స్క్రిప్టులు రాశారు. బిమల్ రాయ్ 'మధుమతి' (1958) కథ ఆయనదే. అది పెద్ద హిట్టయింది. ఆయన సొంత సినిమాల్లో డబ్బు రాబట్టింది మాత్రం ఒక్క 'మేఘే ఢాకా తారా'.

18కీ, 75కీ తేడా ఏమిటి?

ఘటక్ ఎంపిక అర్థం కావాలంటే కొంచెం లెక్క చూడాలి. అప్పటి 35 ఎంఎం సినిమా ఫిల్ముపై ఫ్రేము వెడల్పు సుమారు 22 ఎంఎం. దానిమీద 50 ఎంఎం లెన్సు అడ్డంగా 25 డిగ్రీల మేర చూస్తుంది. 75 ఎంఎం చూసేది 17 డిగ్రీలకు లోపే. 18 ఎంఎం అయితే దాదాపు 63 డిగ్రీలు. స్టిల్ కెమెరా భాషలో చెప్పాలంటే ఇది 28 ఎంఎం లెన్సుకు దగ్గరగా ఉంటుంది.

రెండో తేడా ఫోకస్. ఆ రోజుల్లో ఆటోఫోకస్ లేదు. సహాయకుడు టేపుతో దూరం కొలిచి, లెన్సు మీది రింగును చేత్తో తిప్పాలి. ఎపర్చర్ 5.6 వద్ద 18 ఎంఎం లెన్సును సుమారు రెండున్నర మీటర్ల దగ్గర నిలిపితే, మీటరుంపావు దూరంలోని మనిషి మొదలు అనంత దూరంలోని కొండ దాకా అన్నీ స్పష్టంగా కనిపిస్తాయి. 50 ఎంఎంతో అదే ఎపర్చర్‌లో కొండను వదలకుండా ఉండాలంటే మనిషి కనీసం తొమ్మిది మీటర్ల అవతల నిలబడాలి.

మూడోది ముఖం. వైడ్ యాంగిల్ ముఖాన్ని సాగదీస్తుందని అంటుంటారు. నిజానికి సాగదీసేది లెన్సు కాదు, దూరం. 75 ఎంఎంతో మూడు మీటర్ల నుంచి తీసిన క్లోజప్‌ను 18 ఎంఎంతో అదే సైజులో తీయాలంటే కెమెరా 72 సెంటీమీటర్ల దగ్గరికి జరగాలి. ముక్కుకు చెవి 12 సెంటీమీటర్లు వెనక ఉందనుకుంటే, మూడు మీటర్ల నుంచి ఈ రెండింటి నిష్పత్తిలో తేడా 4 శాతమే. 72 సెంటీమీటర్ల నుంచి అది దాదాపు 17 శాతం. అందుకే ఆ ముఖం మన మీదికి వంగినట్టు ఉంటుంది.

అదే కాలంలో బొంబాయిలో గురుదత్, ఛాయాగ్రాహకుడు వి.కె. మూర్తి క్లోజప్‌లకు 75, 100 ఎంఎం లెన్సులు ఇష్టపడేవారు. ఆ లెన్సు వెనకనున్న లోకాన్ని మెత్తగా కరిగించి, ప్రేమలోనో విషాదంలోనో మునిగిన ముఖాన్ని ఒంటరిగా నిలబెడుతుంది. అది అందమైన పద్ధతి. ఘటక్ అవసరం వేరు. ఆయన పాత్రల కష్టమంతా వాళ్ల వెనకనున్న నేలతోనే ముడిపడి ఉంది. నేల పోగొట్టుకున్న మనిషిని చూపిస్తూ ఆ నేలనే మసకబరిస్తే కథలో మిగిలేదేముంది?

కారు నుంచి కాలనీ దాకా

1958లో వచ్చిన 'అజాంత్రిక్'లో కథానాయకుడు ఒక టాక్సీ డ్రైవర్. అతని తోడు 1920 నాటి డొక్కు షెవర్లే కారు. చోటానాగ్‌పుర్ పీఠభూమిలో, ఒరాన్ ఆదివాసుల ఊళ్ల మధ్య తీసిన ఈ సినిమాలో కారు కూడా ఒక ప్రాణి. దాని హెడ్‌లైట్లు కళ్లలా తిరుగుతాయి. చుట్టూ ఉన్న కొండలు, మట్టిదారులు ఎక్కడా అలంకారంగా మిగిలిపోవు. కెమెరా దినేన్ గుప్తాది.

ఆయనే 'మేఘే ఢాకా తారా' (1960)కూ కెమెరా పట్టారు. శరణార్థి కుటుంబాన్ని తన చిన్న జీతంతో పోషించే నీతా కథ ఇది. చెప్పు తెగినా కొత్తది కొనుక్కోలేని ఆమె, ఇంట్లో అందరి కోరికలూ తీరుస్తూ క్షయకు బలైపోతుంది. సుప్రియా చౌదరి ముఖాన్ని ఘటక్ చాలాచోట్ల కింది నుంచి, బాగా దగ్గరగా చూపిస్తారు. ఒక సన్నివేశంలో మోసపోయిన నీతా మెట్లు దిగుతుంటే కొరడా దెబ్బల శబ్దం వినిపిస్తుంది. ఆ చోట కొరడా ఎక్కడా లేదు. లెన్సుతో దృశ్యాన్ని ఎంత సాగదీశారో, శబ్దాన్నీ అంతే సాగదీశారు.

'సువర్ణరేఖ' (1965)లో రెండో ప్రపంచ యుద్ధం నాటి పాడుబడ్డ విమానాశ్రయంలో పిల్లలు ఆడుకుంటారు. కాళీ వేషం కట్టిన బహురూపి ఎదురై చిన్నారి సీతను హడలెత్తిస్తాడు. ఖాళీ రన్‌వే, విరిగిన గోడలు, మధ్యలో గుప్పెడంత పిల్ల. ఇల్లు వెతుక్కుంటూ వచ్చినవాళ్లకు దేశం ఏం మిగిల్చిందో ఒకే ఫ్రేములో కనిపిస్తుంది.

ఈ శైలి అప్పట్లో చాలామందికి నచ్చలేదు. మెలోడ్రామా ఎక్కువ అన్నారు. వాస్తవికతంటే నిగ్రహం అని నేర్చుకున్న కళ్లకు, ఆ వంగిన ముఖాలు మోటుగా తోచాయి. ఆ విమర్శను పూర్తిగా కొట్టిపారేయలేం. ఆయన సినిమాల్లో కొన్నిచోట్ల యాదృచ్ఛిక ఘటనలు మితిమీరతాయి. అయితే నిగ్రహంగా చెప్పే వీలు అన్ని కథలకూ ఉండదు. లక్షలమంది ఇల్లూ వాకిలీ వదిలి నడిచిన కాలాన్ని, సరిగ్గా నిలబడ్డ గీతలతో గీయడమే అబద్ధమని ఘటక్ సినిమాలు వాదిస్తాయి.

పుణే పాఠాలు, చివరి సినిమా

'కోమల్ గాంధార్' పరాజయం ఆయన్ను బాగా కుంగదీసింది. మద్యం పెరిగింది. 1960ల మధ్యలో పుణే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో కొద్దికాలం పాఠాలు చెప్పారు. మణి కౌల్, కుమార్ సహానీ, జాన్ అబ్రహాం అక్కడ ఆయన శిష్యులే. సినిమాలు ఇవ్వని పేరు తరగతి గది ఇచ్చింది. 1969లో మానసిక చికిత్స కోసం ఆసుపత్రిలో చేరినప్పుడు కూడా నాటకం రాసి తోటి రోగులతో ఆడించారు. 1970లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది.

బంగ్లాదేశ్ ఏర్పడ్డాక ఆయన నదికి అవతలి ఒడ్డుకు వెళ్లి సినిమా తీయగలిగారు. అద్వైత మల్లబర్మన్ నవల ఆధారంగా వచ్చిన 'తితాస్ ఏక్‌టి నదీర్ నామ్' (1973) ఎండిపోతున్న నదితో పాటే చెదిరిపోయే జాలరుల కథ. అప్పటికే ఆయన్ను క్షయ పీడిస్తోంది.

చివరి చిత్రం 'జుక్తి తక్కో ఆర్ గప్పో'లో నీలకంఠ అనే తాగుబోతు మేధావి పాత్ర తానే వేశారు. అందులో ఆయన సీసాలోని మద్యాన్ని నేరుగా కెమెరా లెన్సు మీద ఒలకబోస్తారు. దృశ్యమంతా చెదిరి కారిపోతుంది. జీవితాంతం తనకు కళ్లుగా పనిచేసిన గాజును తానే తడిపేసిన ఆ క్షణాన్ని ఆత్మవిమర్శ అనాలో, మనల్ని నిలదీయడం అనాలో ఇప్పటికీ తేల్చి చెప్పడం కష్టం.

1976 ఫిబ్రవరి 6న, 50 ఏళ్లకే ఘటక్ కన్నుమూశారు. మరుసటి ఏడాది 'నాగరిక్' విడుదలైంది, పూర్తయిన పాతికేళ్లకు. ఇప్పుడు మన జేబుల్లోని ఫోన్ల ప్రధాన కెమెరాలు చాలావరకు ఆయన 18 ఎంఎం కన్నా కాస్త ఎక్కువ వెడల్పే చూస్తాయి. పోర్ట్రెయిట్ మోడ్ నొక్కగానే వెనకనున్నదంతా మసకబారుతుంది. ముఖం వెనకనున్న నేల ఎవరిదో, దాన్ని ఎందుకు కనిపించనివ్వాలో తెలుసుకోవాలంటే ఘటక్ సినిమాలు చూడాలి.