ఖడ్గవిద్యాగురువు ఫియోరె

ఇటలీదేశపు ఈశాన్యమున ఫ్రియూలీ యను సీమ కలదు. పదునాలుగవ శతాబ్దమున ఆ సీమయందు ఫియోరె దెయి లిబెరి యను వీరుడు జన్మించెను. ఆయన తండ్రి పేరు బెనెదెత్తో. బాల్యమునుండియు ఫియోరెకు ఆయుధవిద్యలయందు ఆసక్తి మెండు. ఆయన దేశసంచారము గావించి, ఇటలీ, జర్మనీ గురువుల నాశ్రయించి, ధనమును శ్రమను లెక్కింపక కత్తిసాము నేర్చెను. 1383వ సంవత్సరమున ఊదినె నగరమున అంతఃకలహము చెలరేగినప్పుడు ఆ నగరమువారి పక్షమున పనిచేసెను.

ఆ కాలపు గురువులు తమ విద్యను రహస్యముగా కాపాడుకొనుచుండిరి. ఫియోరెయు అట్టివాడే. తమకు ఆ విద్యను చూపలేదని కినుక వహించి ఐదుగురు గురువులు వేర్వేరు సమయములందు ఆయనను ద్వంద్వయుద్ధమునకు పిలిచిరి. అవి పరస్థలములు, బంధుమిత్రులు చెంత లేరు. ఒంటిపై కవచము లేదు. దళసరి కుట్టుచొక్కా, తోలు చేతొడుగులు మాత్రమే యుండెను. ఎదుట పదునైన కత్తి! కవచధారి పెక్కుదెబ్బలు తినియు గెలువవచ్చును. కవచము లేనివాడు ఒక్క దెబ్బను అడ్డుకొనలేకున్న ప్రాణమే పోవును. ఫియోరె ఐదుమారులును గాయపడక బయటపడెను.

ఆయన విద్యకు మూలము నిలుకడ. దెబ్బకు ముందును వెనుకను దేహమును కత్తియు ఏ తీరున నుండవలెనో తెలుపుటకు, రెండుచేతుల కత్తికి పండ్రెండు నిలుకడలను ఆయన బోధించెను. వానికి ముచ్చటైన పేర్లు కలవు. కత్తిమొనను నేలవైపు దించి శత్రువుకై వేచియుండుట ఇనుపద్వారము. క్రిందినుండి ముఖమునకు మొనను గ్రుచ్చుటకు అనువైనది పందికోర. యోధునకు వలసిన నాలుగు గుణములకు నాలుగు మృగములను గుర్తులుగా చూపెను: వివేకమునకు లింక్సు అను అడవిపిల్లి, వేగమునకు పులి, ధైర్యమునకు సింహము, బలమునకు వీపున కోటను మోయు ఏనుగు. బొమ్మలో ఏనుగు యోధుని పాదములచెంత నుండును. కాలు నిలువనివానికి బలము లేదని దాని భావము.

నలువది సంవత్సరములకు పైగా సాధన చేసిన పిమ్మట ఆయనకు ఒక సంగతి తోచెను. ఇంత విస్తారమైన విద్య గ్రంథము లేక ఎవరి జ్ఞాపకమునను నిలువదు. ప్రాణములొడ్డి దాచిన విద్య తనతోనే నశించును గదా! అందుచే 1410 ప్రాంతమున ఫెరారా ప్రభువైన నికోలో దెస్తె కొఱకు బొమ్మలతో గ్రంథము రచించెను. ఫియోరె యనగా పువ్వు. గ్రంథమునకును యుద్ధపుష్పమనియే పేరు.

దాని ప్రతులు పారిస్, న్యూయార్కు, లాస్ ఏంజెలెస్ నగరములందు భద్రముగా నున్నవి. పలుదేశములవారు వానిని చూచి ఆ నిలుకడలను నేడు మరల నేర్చుకొనుచున్నారు. దాచిన విద్య ఐదు కలహములను తెచ్చెను. వ్రాసిన విద్య ఆరువందల యేండ్లు నిలిచెను.