ఆరు మ్యాచ్‌ల ఆటగాడు ఆర్థర్ వార్టన్

ఫుట్‌బాల్ అనగానే మనకు పీలే, మారడోనా గుర్తుకొస్తారు. ఇంగ్లండు క్లబ్బుల పేర్లు చెప్పమంటే మాంచెస్టర్ యునైటెడ్ దగ్గర మొదలుపెడతాం. ఆ మాంచెస్టర్‌కు దగ్గరలోనే స్టాక్‌పోర్ట్ అనే ఊరు ఉంది. ఒకప్పుడు టోపీల తయారీకి పేరుపడ్డ ఊరు. అందుకే అక్కడి స్టాక్‌పోర్ట్ కౌంటీ జట్టును అభిమానులు టోపీలవాళ్లు అని ముద్దుగా పిలుచుకుంటారు. 1900లో ఆ క్లబ్బు లీగ్ రెండో డివిజన్‌లో చేరింది. ఆ తర్వాత ఎక్కువ కాలం కింది డివిజన్లలోనే గడిపింది.

ఇలాంటి చిన్న క్లబ్బుల రికార్డులు చూస్తే రెండు మ్యాచ్‌లు ఆడి వెళ్లిపోయినవాళ్లు, అయిదు ఆడి కనపడకుండా పోయినవాళ్లు ఎందరో ఉంటారు. పేరు, సంవత్సరం, మ్యాచ్‌ల సంఖ్య. అంతే. స్టాక్‌పోర్ట్ రికార్డుల్లో 1901-02 సీజన్ దగ్గర అలాంటి పేరే ఒకటి ఉంది. ఆర్థర్ వార్టన్, గోల్‌కీపర్, లీగ్ మ్యాచ్‌లు 6. ఆ ఒక్క వరుస వెనుక ఎంత పెద్ద జీవితం దాగి ఉందో తెలిసినప్పుడు మేము ఆశ్చర్యపోయాం. మన వార్షికోత్సవ సంచికలో ఆ జీవితం గురించి మీకు చెప్పాలనుకున్నాం.

పుట్టుక, చదువు

వార్టన్ 1865 అక్టోబరు 28న ఆఫ్రికాలోని గోల్డ్‌కోస్ట్‌లో, అక్రా పట్టణంలోని జేమ్స్‌టౌన్‌లో పుట్టారు. అప్పుడది ఆంగ్లేయుల పాలనలో ఉంది. 1957లో స్వాతంత్ర్యం వచ్చాక ఆ దేశానికి ఘనా అని పేరు పెట్టుకున్నారు. తండ్రి హెన్రీ వార్టన్ కరీబియన్ దీవి గ్రెనడా నుంచి వచ్చిన మెథడిస్టు మత బోధకుడు. తల్లి ఫాంటీ తెగ రాజకుటుంబానికి చెందిన మహిళ. తండ్రి ఆర్థర్ చిన్నతనంలోనే చనిపోయారు.

కుర్రవాడిని తండ్రి బాటలోనే బోధకుడిగా, ఉపాధ్యాయుడిగా చేయాలని పెద్దలు అనుకున్నారు. అందుకోసం 1880వ దశకం మొదట్లో ఇంగ్లండు పంపించారు. మొదట స్టాఫర్డ్‌షైర్‌లోని ఒక కాలేజీలో, తర్వాత డార్లింగ్టన్ పట్టణంలోని క్లీవ్‌లాండ్ కాలేజీలో చదువుకున్నారు. సొంత ఊరు వదిలి, అమ్మకు దూరంగా, తెలియని తిండి తింటూ, చలిదేశంలో తనలాంటి ముఖం ఒక్కటి కూడా కనపడని చోట చదువుకోవడం ఎలా ఉంటుందో ఊహించండి. అయిదో తరగతిలోనో ఆరో తరగతిలోనో ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని హాస్టల్ గేటు దాటిన మనకు అందులో సగమైనా అర్థమవుతుంది.

అందరికంటే వేగంగా

డార్లింగ్టన్‌లో ఆయనకు పుస్తకాల కంటే మైదానం మీద మనసు పోయింది. పరుగు, క్రికెట్, సైకిల్, ఫుట్‌బాల్ ఏది పట్టినా వదల్లేదు. 1886 జులైలో లండన్‌లోని స్టాంఫర్డ్ బ్రిడ్జ్ మైదానంలో జాతీయ అమెచ్యూర్ పోటీలు జరిగాయి. 100 గజాల పందెంలో వార్టన్ 10 సెకన్లలో గీత దాటారు. మన లెక్కలో 100 గజాలంటే సుమారు 91 మీటర్లు. అప్పటి పరుగు దారులు ఇప్పటి సింథటిక్ ట్రాకులు కావు. స్టార్టింగ్ బ్లాకులు కూడా లేవు. ఆ కాలానికి ప్రపంచంలో అంతకు మించిన వేగం లేదు. మరుసటి ఏడు 1887లోనూ అదే పందెం మళ్లీ గెలిచారు.

ఇక్కడ ఆ కాలం గురించి ఒక మాట చెప్పాలి. 1884-85లో బెర్లిన్‌లో సమావేశమై యూరప్ దేశాలు ఆఫ్రికాను తమలో తాము పంచుకోవడానికి నియమాలు రాసుకున్నాయి. నల్లవాడు తెల్లవాడి కంటే అన్నిటా తక్కువ అని పుస్తకాల్లో, పత్రికల్లో, పాఠాల్లో చెబుతున్న రోజులవి. పుట్టుకను బట్టి మనిషి విలువ కట్టడం ఎలాంటిదో మనకు ఒకరు నేర్పనక్కర్లేదు. అలాంటి రోజుల్లో, ఆ పాలకుల రాజధానిలోనే, వాళ్ల కళ్ల ముందే ఒక ఆఫ్రికా యువకుడు అందరికంటే ముందు గీత దాటారు. గడియారం రంగు చూడదు కదా!

గోల్ పోస్టుల మధ్య

డార్లింగ్టన్ జట్టుకు గోల్‌కీపర్‌గా ఆడుతున్న వార్టన్‌ను చూసి, ఆనాటి మేటి జట్లలో ఒకటైన ప్రెస్టన్ నార్త్ ఎండ్ పిలిచింది. 1886-87లో ఎఫ్.ఎ. కప్ పోటీల్లో సెమీ ఫైనల్ వరకు ఆయన ప్రెస్టన్‌కు ఆడారు. అక్కడ వెస్ట్ బ్రామ్‌విచ్ ఆల్బియన్ చేతిలో ఆ జట్టు ఓడిపోయింది.

అప్పట్లో గోల్‌కీపర్ పని ఇప్పటిలా ఉండేది కాదు. ఎదుటి ఆటగాళ్లు భుజంతో గుద్ది అతన్ని బంతితో సహా గోల్ లోపలికి నెట్టవచ్చు. అందుకే ధైర్యం, బలం, కండ్ల చురుకు మూడూ కావాలి. వార్టన్ పిడికిలితో బంతిని గుద్దితే చాలా దూరం పోయేదని పేరు. గోల్ పోస్టు పక్కన వంగి కూర్చుని, ప్రత్యర్థి కొట్టబోయే చివరి క్షణంలో మెరుపులా వచ్చి అడ్డుకునేవారు. ఒక మ్యాచ్‌లో పై కమ్మీ పట్టుకుని వేలాడుతూ రెండు కాళ్ల మధ్య బంతిని బిగించి ఆపారని, అప్పుడు చూసిన ఒకాయన చాలా ఏళ్ల తర్వాత పత్రికకు రాశారు. జనం ఆయన ఆట చూసి నవ్వేవారు, చప్పట్లు కొట్టేవారు. పత్రికలు మాత్రం మెచ్చుకుంటూనే రంగును ఎత్తిచూపేవి.

1888లో వార్టన్ పరుగు పందాల మీద దృష్టి పెట్టి ప్రెస్టన్‌ను వదిలారు. సరిగ్గా ఆ ఏడే ఇంగ్లండులో ఫుట్‌బాల్ లీగ్ మొదలైంది. ఆ మొదటి సీజన్‌లో ప్రెస్టన్ ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా లీగ్, కప్ రెండూ గెలిచి చరిత్ర సృష్టించింది. ఆ జట్టు ఫొటోలో వార్టన్ లేరు.

ఆటే బతుకుదెరువు

1885లోనే ఇంగ్లండులో డబ్బు తీసుకుని ఫుట్‌బాల్ ఆడటాన్ని చట్టబద్ధం చేశారు. 1889లో వార్టన్ రోథర్‌హామ్ టౌన్ క్లబ్బులో జీతానికి చేరారు. ప్రపంచంలో తొలి నల్లజాతి వృత్తి ఫుట్‌బాల్ ఆటగాడిగా చరిత్రకారులు ఆయనను గుర్తిస్తున్నారు. ఆయనకు ముందే 1881లో ఆండ్రూ వాట్సన్ అనే నల్లజాతి ఆటగాడు స్కాట్లాండ్ జట్టుకు ఆడారు, కానీ ఆయన జీతం లేని అమెచ్యూర్. 1890లో వార్టన్ రోథర్‌హామ్‌లో ఎమ్మా లిస్టర్‌ను పెళ్లి చేసుకున్నారు.

1894లో మొదటి డివిజన్ జట్టు షెఫీల్డ్ యునైటెడ్ ఆయనను తీసుకుంది. కానీ అక్కడ అప్పటికే విలియం ఫౌల్క్ అనే భారీ మనిషి గోల్‌కీపర్‌గా ఉన్నారు. వయసులో వార్టన్ కంటే చిన్నవాడు. దాంతో వార్టన్‌కు కొద్ది అవకాశాలే దొరికాయి. 1895 ఫిబ్రవరిలో సండర్లండ్ మీద ఆడిన మ్యాచ్‌తో ఇంగ్లండు మొదటి డివిజన్‌లో ఆడిన తొలి నల్లజాతి ఆటగాడయ్యారు. ఆ మ్యాచ్ షెఫీల్డ్ ఓడిపోయింది.

ఆ తర్వాత మెట్లు దిగడమే. మళ్లీ రోథర్‌హామ్, అక్కడి నుంచి స్టాలీబ్రిడ్జ్ రోవర్స్, తర్వాత యాష్టన్ నార్త్ ఎండ్. యాష్టన్ క్లబ్బు 1899లో దివాలా తీసింది. మళ్లీ స్టాలీబ్రిడ్జ్. చివరికి 1901లో స్టాక్‌పోర్ట్ కౌంటీ.

ఆ ఆరు మ్యాచ్‌లు

వార్టన్‌కు అప్పుడు 36 ఏళ్లు. రెండో డివిజన్‌లో ఆ సీజన్‌కు ఒక్కో జట్టుకు 34 మ్యాచ్‌లు. వాటిలో ఆయనకు దక్కినవి ఆరు. 1902లో ఆట మానేశారు. వీడ్కోలు సభ, పింఛను, ఉద్యోగం లాంటివి ఆనాటి ఆటగాళ్లకు లేవు. కాళ్లలో సత్తువ ఉన్నన్నాళ్లే జీతం.

మేము ఈ ఆరు మ్యాచ్‌ల దగ్గర కాసేపు ఆగాలనుకున్నాం. ప్రపంచంలోనే వేగంగా పరుగెత్తిన మనిషి ఒక చిన్న క్లబ్బులో, చిన్న మైదానంలో, ఆరు మ్యాచ్‌ల కోసం మళ్లీ బూట్లు కట్టుకున్నారు. దీన్ని ఓటమి అనేవాళ్లు ఉంటారు. మాకు మాత్రం అలా అనిపించలేదు. పెద్ద మైదానంలో వచ్చిన పనిని చిన్న మైదానంలో చేయడానికి ఆయన సిగ్గుపడలేదు. అయితే ఆ రోజు స్టాక్‌పోర్ట్‌లో ఆట చూసిన జనంలో, గోల్ దగ్గర నిలబడ్డ ఈ మనిషి ఎవరో ఎందరికి గుర్తుందో!

గనిలో చివరి రోజులు

ఆట తర్వాత వార్టన్ బొగ్గు గని కార్మికుడయ్యారు. డాంకాస్టర్ దగ్గర ఎడ్లింగ్టన్‌లో ఉన్న యార్క్‌షైర్ మెయిన్ గనిలో హాలేజ్ పని చేశారు. అంటే భూమి లోపల బొగ్గు టబ్బులను నడిపించే పని. సింగరేణి ఊళ్ల నుంచి వచ్చిన మన పిల్లలకు ఆ పని ఎంత కష్టమో వేరే చెప్పాలా? 1930 డిసెంబరు 13న, 65 ఏళ్ల వయసులో, జబ్బుపడి, చేతిలో చిల్లిగవ్వ లేని స్థితిలో కన్నుమూశారు. ఎడ్లింగ్టన్ శ్మశానంలో బీదల సమాధుల్లో పూడ్చారు. పైన పేరు చెక్కిన రాయి కూడా పెట్టలేదు.

అలా 67 ఏళ్లు ఆ సమాధి అనామకంగా ఉండిపోయింది. ఫుట్‌బాల్‌లో జాతి వివక్షకు వ్యతిరేకంగా షెఫీల్డ్‌లో పనిచేస్తున్న ఒక సంస్థ చందాలు పోగుచేసి 1997లో అక్కడ సమాధి రాయి నిలబెట్టింది. ఫిల్ వాసిలి అనే చరిత్రకారుడు పాత పత్రికలు తిరగేసి 1998లో ఆయన జీవితచరిత్రను పుస్తకంగా తెచ్చారు. 2003లో ఇంగ్లీష్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయనకు చోటు దక్కింది. 2014లో ఇంగ్లండు జాతీయ ఫుట్‌బాల్ కేంద్రమైన సెయింట్ జార్జెస్ పార్కులో ఆయన కంచు విగ్రహం పెట్టారు. గాలిలోకి ఎగిరి బంతిని పై కమ్మీ మీదుగా నెడుతున్న విగ్రహం అది.

మనం ఏం చేయాలి?

విగ్రహం గొప్పదే. కానీ బతికున్నప్పుడు ఒక చిన్న ఉద్యోగం దొరికి ఉంటే ఆయన 60 ఏళ్లు దాటాక గనిలోకి దిగాల్సిన అవసరం ఉండేది కాదు. మన హాస్టళ్ల నుంచి కూడా కబడ్డీలో, ఖోఖోలో, పరుగులో జిల్లా స్థాయికి, రాష్ట్ర స్థాయికి వెళ్లినవాళ్లు ఉన్నారు. వాళ్లలో కొందరు నేడు ఎక్కడ ఏం పని చేస్తున్నారో మనకు తెలియదు. చప్పట్లు కొట్టడం తేలిక, చప్పట్లు ఆగిపోయాక పక్కన నిలబడటమే కష్టం.

అందుకే పూర్వ విద్యార్థులకు మా విన్నపం ఇది. మీతో పాటు ఒకే కంచంలో తిని, ఒకే జంపఖానా మీద పడుకున్న ఆటగాడు ఎవరైనా కష్టాల్లో ఉంటే వెతికి పట్టుకోండి. తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్పేది ఒకటే. ఆడండి, పరుగెత్తండి, భయపడకండి. ఆటతో పాటు చదువునూ చేతిలో పట్టుకోండి, కాళ్లు అలిసిపోయిన రోజున అది తోడుంటుంది. ఇక మన వాళ్లలో ఎవరు ఏం సాధించినా, అది ఆరు మ్యాచ్‌లైనా సరే, పేరు, ఊరు, సంవత్సరంతో సహా రాసి ఉంచుదాం. మన పేర్లు మనం రాసుకోకపోతే ఎవరో వచ్చి రాయి పెట్టడానికి 67 ఏళ్లు పట్టవచ్చు.