సముద్ర విజ్ఞానాన్ని పంచిపెట్టిన మౌరీ

సముద్రం ఏ ఒక్క దేశపు సొత్తూ కాదు. దాని గాలులను, ప్రవాహాలను ఏ జాతీ ఒంటరిగా పరిశీలించి తెలుసుకోజాలదు. ఈ సత్యాన్ని ఆచరణలో నిరూపించినవాడు అమెరికా నౌకాదళాధికారి మాథ్యూ ఫాంటెయిన్ మౌరీ.

ఆయన 1806 జనవరి 14న వర్జీనియాలో జన్మించాడు. 1825లో నౌకాదళంలో ప్రవేశించి, యౌవనంలోనే ఓడపై భూప్రదక్షిణం గావించాడు. 1839లో గుర్రపుబండి ప్రమాదంలో కాలు విరిగి, సముద్రయానానికి దూరమయ్యాడు. 1842లో వాషింగ్టన్‌లోని పటముల, పరికరముల భాండాగారానికి అధిపతిగా నియమితుడయ్యాడు.

అక్కడ ఓడల పాత దినచర్య పుస్తకాలు గుట్టలుగా పడి ఉండేవి. ఏ రోజున ఓడ ఎక్కడ ఉన్నదో, గాలి ఎటు వీచినదో, ప్రవాహం ఎటు లాగినదో నావికులు వాటిలో వ్రాసి ఉంచారు. ఒక్క పుస్తకం ఒక్క ప్రయాణాన్నే తెలుపుతుంది; అన్నింటినీ కలిపి చదివితే మహాసముద్ర స్వభావమే బోధపడుతుంది. మౌరీ వాటిని క్రోడీకరించి 1847 నుండి గాలుల, ప్రవాహాల పటాలను వెలువరించాడు. తమ పరిశీలనలను పంపే నావికులకు ఆ పటాలను ఉచితంగా ఇచ్చాడు. వాటి సాయంతో న్యూయార్క్ నుండి కేప్ హార్న్ మీదుగా శాన్‌ఫ్రాన్సిస్కో చేరే ఓడల ప్రయాణకాలం నెలకు పైగా తగ్గింది.

ఆయన ప్రేరణతో 1853లో బ్రస్సెల్స్ నగరంలో పది దేశాల ప్రతినిధులు సమావేశమై, సముద్రంపై ఒకే పద్ధతిలో పరిశీలనలు నమోదు చేయుటకు అంగీకరించారు. వైరిదేశాలు సైతం ఈ ఒక్క కార్యంలో మిత్రులుగా మెలగాలని మౌరీ ఆకాంక్షించాడు.

విధి వైచిత్ర్యమేమో, 1861లో అంతర్యుద్ధం రాగా ఆయనే బానిసత్వాన్ని నిలుపగోరిన దక్షిణ రాష్ట్రాల పక్షం వహించి, ఓడలను పేల్చే జలాంతర మందుపాతరలను రూపొందించాడు. ఈ మచ్చను ఆయన చరిత్ర నుండి తుడిచివేయలేము. యుద్ధానంతరం కొంతకాలం పరదేశాలలో గడిపి, స్వరాష్ట్రంలో ఆచార్యుడై, 1873 ఫిబ్రవరి 1న కన్నుమూశాడు. ఆ ఏడాదే వియన్నా సమావేశంలో అంతర్జాతీయ వాతావరణ సంస్థకు అంకురార్పణ జరిగింది.

ఆయన చూపిన మార్గం విలువ మనకు 2004 డిసెంబరు 26న తెలిసివచ్చింది. నాడు హిందూ మహాసముద్ర తీరదేశాలకు ఉమ్మడి సునామీ హెచ్చరిక వ్యవస్థ లేదు. లక్షలాది ప్రాణాలు పోయాయి. పిదప 2007లో హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రంలో సునామీ హెచ్చరిక కేంద్రం వెలసింది. అది మన పరికరాలనే గాక ఇతర దేశాలు పంపే భూకంప, సముద్రమట్ట వివరాలను కూడా ఆధారం చేసుకొని తీరవాసులను హెచ్చరిస్తుంది.

విద్యార్థి మిత్రులారా! బీరువాలో దాచిన పరిశీలన దాచినవానికే పరిమితం. పదిమందికి పంచినది తీరాన నిద్రించే పల్లెకారుని ప్రాణానికి కావలి. మౌరీ జీవితంలోని తప్పును గుర్తెరిగి విడనాడుదాం. ఆయన పంచిన విద్యను మాత్రం పెంపొందించుకుందాం.